బడి ఆగిపోయింది సరే, పని నేర్చుకునేదెక్కడ? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పదో తరగతి ఫలితాలు వచ్చాక ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. మంచి మార్కులొచ్చిన పిల్లల గురించి ఎవరూ రాయరు, వాళ్లకేం చేయాలో ఊళ్లో అందరూ చెబుతారు కాబట్టి. తప్పినవాళ్లు, అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాళ్లు, మధ్యలోనే మానేసినవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు మాత్రం ఎవర్ని అడగాలో తెలియక మాకు రాస్తారు. అందుకే ఈసారి జాగా అంతా వాళ్లకే ఇస్తున్నాం. ఉత్తరాలు కుదించాం, పేర్లు తీసేశాం.

మావాడు ఈసారి పదిలో లెక్కలు, సైన్సు తప్పాడు. ఇక చదవనని మొండికేశాడు. వాళ్ల నాన్న తనతోపాటు బేల్దారి పనికి తీసుకెళ్తానంటున్నారు. పది తప్పినవాళ్లను ఐటీఐలో చేర్చుకుంటారా?
- ఒక తల్లి, నంద్యాల జిల్లా

చేర్చుకుంటారమ్మా, కాకపోతే అన్ని ట్రేడుల్లో కాదు. ట్రేడంటే అక్కడ నేర్పే ఒక్కో పని. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ లాంటి వాటికి పది పాసై ఉండాలి. వెల్డర్, వైర్‌మన్, కార్పెంటర్, కుట్టుపని నేర్పే సూయింగ్ టెక్నాలజీ లాంటి వాటికి ఎనిమిది పాసైతే చాలు. 14 ఏళ్లు నిండాలి. ప్రవేశ పరీక్ష ఉండదు, ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకుంటే మార్కుల వరస ప్రకారం పిలుస్తారు. వెల్డర్ ఒక ఏడాది, వైర్‌మన్ రెండేళ్లు.

అయితే ముందు సప్లిమెంటరీకి ఫీజు కట్టించండి. తప్పింది రెండు సబ్జెక్టులే, ఆ రెండూ గట్టెక్కితే పైన చెప్పిన తలుపులన్నీ తెరుచుకుంటాయి, ఎలక్ట్రీషియన్‌తో సహా. అప్పటికీ కాకపోతే బెంగపడకుండా ఎనిమిదో తరగతి అర్హతతో ఉన్న ట్రేడులో చేర్పించి, పక్కన ఓపెన్ స్కూల్లో పది రాయించవచ్చు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఎనిమిదితో చేరి రెండేళ్ల ఐటీఐ పూర్తిచేసినవాళ్లు జాతీయ ఓపెన్ స్కూల్ వాళ్ల దగ్గర భాషా పేపరు రాసి పాసైతే పదో తరగతికి సమానమైన సర్టిఫికెట్ పొందే వీలుంది. అంటే లెక్కలు తప్పాడని పిల్లాడి జీవితంలో పది అనే మాటే లేకుండా పోదు.

ఒక్క విషయం మాత్రం వాడికి ముందే చెప్పండి. ఐటీఐలో చదువు ఉండదు, లెక్కలు ఉండవు అని ఆశపెట్టి పంపొద్దు. వర్క్‌షాప్ కాలిక్యులేషన్ అని అక్కడా లెక్కలుంటాయి. తేడా ఏమిటంటే అక్కడ భిన్నాలు బోర్డు మీద కాకుండా చేతిలో ఉన్న రేకు మీద కొలవాల్సి వస్తుంది, తప్పు కొలిస్తే రెండు ముక్కలు కలవవు, ఎందుకు కలవలేదో వాడికే కనిపిస్తుంది. బడిలో లెక్కలంటే పారిపోయిన పిల్లలు చాలామంది ఇక్కడ దారిలో పడతారు.

బేల్దారి పని తక్కువదని నేననను. కానీ పదహారేళ్ల కుర్రాడు తట్టలు మోయడంతో మొదలుపెడితే, పక్కన నిలబడి తాపీ పట్టించేవాళ్లు లేకపోతే, పదేళ్ల తర్వాత కూడా తట్టలే మోస్తుంటాడు. వాళ్ల నాన్నగారు నిజంగా కూర్చోబెట్టి నేర్పుతానంటే అది వేరే మాట, ఆయనతో ఆ సంగతి తేల్చుకోండి. ఇంట్లో ఎవరూ వాణ్ణి "ఫెయిలయ్యాడు" అని నలుగురిలో అనకుండా చూడండి. వాడు చదవనంటున్నది చాలావరకు ఆ మాట భరించలేకే.

నాకు 17 ఏళ్లు, పది పాసయ్యాను. ఒకాయన మా ఇంటికొచ్చి తమ ప్రైవేటు ఐటీఐలో చేరమన్నాడు. రోజూ రానక్కర్లేదట, పరీక్షలకొస్తే చాలట, సర్టిఫికెట్ ఖాయమట. ఎలక్ట్రీషియన్ తీసుకోవాలా, ఫిట్టరా?
- ఒక యువకుడు, మహబూబాబాద్ జిల్లా

అక్కడ చేరొద్దు తమ్ముడూ. ఏ ట్రేడు అనేది తర్వాత మాట్లాడుకుందాం.

ఐటీఐలో ఆఖరి పరీక్ష రాయాలంటే 80 శాతం హాజరు ఉండాలి, అది నిబంధన. రానక్కర్లేదని చెబుతున్నవాళ్లు నీ హాజరు దొంగగా వేస్తామని చెబుతున్నట్టే. సరే, సర్టిఫికెట్ చేతికొచ్చిందనే అనుకుందాం. దాంతో ఫ్యాక్టరీకి వెళ్తే మొదటిరోజే నీ చేతికి వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పనిముట్టు) ఇచ్చి ఈ షాఫ్ట్ ఎంతుందో చెప్పమంటారు. రెండేళ్లు వృథా అయ్యాయన్న సంగతి ఆ క్షణంలో తెలిస్తే ఎంత బాధగా ఉంటుందో ఆలోచించు.

ఏ ఐటీఐ మంచిదో తెలుసుకోవడానికి నేను చెప్పే పద్ధతి ఒక్కటే. పని దినాన, చెప్పకుండా వెళ్లి వర్క్‌షాప్ చూడు. ఆఫీసు గది కాదు, వర్క్‌షాప్. ఫిట్టర్ సెక్షన్‌లో బెంచీలకు వైస్‌లు (ఇనుప ముక్కను కదలకుండా పట్టి ఉంచేవి) బిగించి ఉన్నాయా, ఉంటే వాటి దవడలు అరిగి మెరుస్తున్నాయా, దుమ్ము పట్టి ఉన్నాయా? మొదటి నెలల్లో ఫిట్టర్ విద్యార్థి చేసేది ఇనుప ముక్కను ఆకురాయితో రుద్దడమే. రుద్ది, ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆనించి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని, సందులోంచి వెలుగు కనిపిస్తే మళ్లీ రుద్దాలి. చేతులు బొబ్బలెక్కుతాయి. ఆ పని చేస్తున్న పిల్లలు నీకు కనిపించాలి. వెల్డర్ సెక్షన్‌కు వెళ్తే తుక్కు డబ్బా చూడు. వంకర అతుకులు, సగంలో అంటుకుపోయిన రాడ్లు, కన్నాలు పడిన రేకులతో అది నిండి ఉంటే అక్కడ నేర్పుతున్నారన్నమాట. నేల అద్దంలా ఉండి డబ్బా ఖాళీగా ఉంటే బయటికి వచ్చెయ్. ఆ తర్వాత అక్కడి పిల్లల్ని టీ దగ్గర కలిసి, వారంలో ఎన్ని రోజులు ప్రాక్టికల్స్ జరుగుతాయో అడుగు. ప్రిన్సిపాల్ చెప్పనివి వాళ్లు చెబుతారు. ఇంకా, ఆ ఐటీఐకే కాదు, నువ్వు చేరబోయే ట్రేడుకు కూడా గుర్తింపు ఉందో లేదో ప్రభుత్వ పోర్టల్‌లో చూసుకో. కొన్నిచోట్ల రెండు ట్రేడులకే అనుమతి తెచ్చుకుని బోర్డు మీద ఐదు రాసుకుంటారు.

ఇక ట్రేడు. ఊళ్లోనో మండలంలోనో ఉండి మోటార్లు, వైరింగ్ చేసుకుని బతకాలని ఉంటే ఎలక్ట్రీషియన్. విద్యుత్ సంస్థల్లో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు కూడా ఆ సర్టిఫికెట్ పనికొస్తుంది. ఫ్యాక్టరీకో రైల్వే వర్క్‌షాపుకో వెళ్లడానికి సిద్ధమైతే ఫిట్టర్. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకు ఇద్దరూ అర్హులే. ఎత్తు ఎక్కడమంటే భయమున్నవాడు, కరెంటంటే వణుకున్నవాడు స్నేహితులు తీసుకున్నారని ఎలక్ట్రీషియన్ తీసుకోకూడదు.

నీది తెలంగాణ కాబట్టి ఇంకో దారి కూడా చూడు. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ యంత్రాల పని, రోబోటిక్స్, ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ లాంటి కోర్సులు పెట్టారు. నీకు దగ్గరలో ఏది ఉందో కనుక్కుని, ముందు దానికి దరఖాస్తు పెట్టు. అక్కడ కూడా వర్క్‌షాప్ చూసే చేరు.

ఇంటర్ మధ్యలో మానేశాను, 19 ఏళ్లు. మూడు నెలలు ఉచితంగా శిక్షణ ఇచ్చి ఉద్యోగం ఇప్పిస్తామని మా మండలంలో మేళా పెట్టారు. అమ్మానాన్న భయపడుతున్నారు. మా పెద్దమ్మ కూతురు ఇలాగే వెళ్లి నెల తిరక్కుండానే వచ్చేసింది. ఇది నమ్మదగిందేనా?
- ఒక యువతి, శ్రీకాకుళం జిల్లా

పథకం నిజమే అమ్మా. నువ్వు చెబుతున్నది దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన లాగుంది. 2014లో ప్రారంభమైంది, పల్లెల్లోని పేద కుటుంబాల్లో 15 నుంచి 35 ఏళ్ల వాళ్ల కోసం, ఆడపిల్లలకు వయసులో ఇంకా సడలింపు ఉంది. శిక్షణకు, హాస్టల్‌కు, భోజనానికి పైసా కట్టక్కర్లేదు. దీన్ని చూసే ప్రభుత్వ సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో సీడాప్, తెలంగాణలో ఈజీఎంఎం. మేళా పెట్టింది వాళ్ల తరఫునేనా కాదా అన్నది మీ మండల వెలుగు ఆఫీసులో అడిగితే చెప్పేస్తారు. ఎవరైనా రిజిస్ట్రేషన్ పేరుతో, యూనిఫాం పేరుతో డబ్బు అడిగితే అక్కడే ఆగిపో.

మీ పెద్దమ్మ కూతురు ఎందుకు వచ్చేసిందో కూర్చుని అడిగావా? అడుగు. నాకు తెలిసినంతలో ఈ పిల్లలు వెనక్కి వచ్చేది పని రాకపోవడం వల్ల కాదు. శిక్షణ బాగానే జరుగుతుంది, కంప్యూటర్ నేర్పుతారు, నలుగురిలో మాట్లాడటం నేర్పుతారు, ఇంటర్వ్యూ కూడా సెంటర్‌లోనే అయిపోతుంది. అసలు కష్టం ఉద్యోగంలో చేరిన మొదటి మూడు నెలలు. చెప్పిన జీతం ఒకటి, చేతికొచ్చింది ఇంకొకటి. ఆరుగురు ఒక గదిలో. భాష తెలియని ఊరు. రోజంతా నిలబడే పని. జ్వరమొస్తే ఎవరికి చెప్పాలో తెలియదు. ఆ సమయంలో అమ్మ ఫోన్లో "వచ్చేయవే" అంటే ఏ పిల్ల ఆగుతుంది? శిక్షణ ఇచ్చేవాళ్లూ, లెక్కలు రాసుకునే అధికారులూ ఈ మూడు నెలల మీద పెట్టాల్సినంత మనసు పెట్టడం లేదని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఉద్యోగంలో చేర్చడంతో తమ పని అయిపోయిందనుకుంటారు, పిల్లలకు అక్కడే మొదలవుతుంది.

అందుకని చేరేముందే ఇవన్నీ అడిగి తెలుసుకో. ఉద్యోగం ఏ ఊళ్లో, ఏ పని, ఎన్ని గంటలు, రాత్రి షిఫ్టు ఉందా? హాస్టల్ కంపెనీ ఇస్తుందా, మనమే చూసుకోవాలా, అద్దె జీతంలో పట్టుకుంటారా? జీతం 15 వేలు అన్నారంటే అది చేతికొచ్చేదా, కోతలకు ముందుదా? పీఎఫ్ కింద బేసిక్‌లో 12 శాతం పోతుంది, ఈఎస్ఐ కింద ముప్పావు శాతం పోతుంది. ఈ రెండూ మోసం కాదు, ఒకటి నీ పొదుపు, రెండోది నీ వైద్యం. కానీ ముందే తెలియకపోతే మొదటి జీతం చూసి గుండె జారిపోతుంది, మోసపోయామనిపిస్తుంది. మా దగ్గరికొచ్చే ఉత్తరాల్లో ఈ మాట పదేపదే కనిపిస్తుంది. ఈఎస్ఐ కార్డు నంబరు మొదటి నెలలోనే అడిగి తీసుకో, జ్వరమొచ్చిన రోజు వెతుక్కోకుండా. ఉద్యోగంలో చేరాక మొదటి కొన్ని నెలలు ఖర్చులకు కొంత సాయం ఈ పథకంలోనే ఉంది, సొంత జిల్లా దాటి దూరం వెళ్లినవాళ్లకు ఎక్కువ నెలలు ఇవ్వడం పద్ధతి. అది మీ బ్యాచ్‌కు ఎంత, ఎన్ని నెలలు అన్నది రాతపూర్వకంగా అడుగు. మొహమాటపడకు.

మీ అమ్మానాన్నలకు ఒక మాట. అమ్మాయిని పంపకుండా ఉండటానికి కారణాలు వెతక్కండి, పంపడానికి ఏం కావాలో వెతకండి. శిక్షణ సెంటర్‌కు ఒకసారి మీరే వెళ్లి చూసి రండి, హాస్టల్ గది, బాత్రూమ్ తలుపు గడియ, రాత్రిపూట ఉండే వార్డెన్, అన్నీ చూడండి. అదే ఊరి నుంచో పక్క ఊరి నుంచో ఇంకో ఇద్దరు పిల్లలు వెళ్తుంటే ముగ్గుర్నీ ఒకే చోట పెట్టమని అడగండి. ఒంటరిగా వెళ్లిన పిల్లకంటే తోడున్న పిల్ల నిలబడుతుంది, ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. ఉద్యోగం చెన్నైలోనో బెంగళూరులోనో అయితే భాష దగ్గర ఇబ్బంది, శ్రీసిటీ లాంటి చోట అయితే మన భాషే. మొదటి ఉద్యోగం భాష తెలిసిన ఊళ్లో దొరికితే నాలుగు డబ్బులు తక్కువైనా అదే తీసుకో తల్లీ.

మా నాన్న వడ్రంగి. నాకు 17. ఆయనతోపాటే పని నేర్చుకుంటున్నాను. పీఎం విశ్వకర్మలో నా పేరు రాయించుకుంటే పదిహేను వేల పనిముట్లు వస్తాయంటున్నారు, రాయించుకోవచ్చా?
- ఒక పాఠకుడు, కృష్ణా జిల్లా

నీకింకా 18 నిండలేదు కాబట్టి ఇప్పుడు కుదరదు. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఆ పథకంలో కుటుంబానికి ఒక్కరికే అవకాశం. కుటుంబమంటే భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు. మీ ఇంట్లో మీ నాన్నగారి పేరు రాయించడమే న్యాయం. 2023 సెప్టెంబరులో మొదలైన ఈ పథకంలో 18 రకాల చేతివృత్తులున్నాయి. వారం లోపు ప్రాథమిక శిక్షణ, శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, 15 వేల దాకా పనిముట్లు, ఆ తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక 2 లక్షల అప్పు. కామన్ సర్వీస్ సెంటర్‌లో నమోదు చేస్తారు, పంచాయతీ ధ్రువీకరించాలి.

నువ్వు మాత్రం ఐటీఐ కార్పెంటర్ ట్రేడు గురించి ఆలోచించు. మీ నాన్నగారి దగ్గర ఉలి పట్టడం ఎలాగూ వస్తుంది. డ్రాయింగ్ చదవడం, ప్లైవుడ్ షీటును వృథా కాకుండా లెక్కేసి కోయడం, మెషీన్ల మీద పని చేయడం అక్కడ వస్తాయి. ఇవాళ ఇంటీరియర్ పనులు చేయించేవాళ్లు అడుగుతున్నది ఈ రెండోరకం పనే.

పది పాసైన మా అమ్మాయికి ఏడాదిలో నర్సింగ్ కోర్సు, వెంటనే ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఉద్యోగం అంటున్నారు. ఫీజు ఎక్కువే అడుగుతున్నారు. కట్టమంటారా?
- ఒక తండ్రి, ప్రకాశం జిల్లా

కట్టొద్దండి. పదో తరగతితో, ఏడాదిలో ఎవరూ స్టాఫ్ నర్సు కాలేరు. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, దేనికైనా ఇంటర్ పాస్ కావాలి, ఆ తర్వాత నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఏడాదిలోపు నేర్పేది రోగికి సాయంగా ఉండే అసిస్టెంట్ పని. అదీ గౌరవమైన పనే, కానీ దాన్ని నర్సింగ్ పేరుతో అమ్మడం దగా. అమ్మాయికి నిజంగా ఆ రంగమంటే ఇష్టమైతే ఇంటర్ ఒకేషనల్‌లో మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు ఉంది, రెండేళ్లు, మీ దగ్గర ఏ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఉందో కనుక్కోండి. ఇంటర్ ఎలాగూ వస్తుంది కాబట్టి పై చదువుల దారి మూసుకుపోదు.

మా కోడలు ఐదో తరగతితో ఆగిపోయింది. 20 ఏళ్లు. కుట్టుపని నేర్చుకుంటానంటోంది. ఐదు చదివినవాళ్లకు ఎక్కడైనా నేర్పుతారా?
- ఒక అత్తగారు, నల్గొండ జిల్లా

మీరు అడగడమే సంతోషంగా ఉందండీ. జన్ శిక్షణ్ సంస్థాన్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థలున్నాయి. 1967లో ముంబైలో శ్రామిక్ విద్యాపీఠ్ పేరుతో మొదలైన ఆలోచన ఇది. అసలు అక్షరం రానివాళ్ల దగ్గర్నుంచి ఇంటర్ లోపు మానేసినవాళ్ల దాకా, 15 నుంచి 45 ఏళ్ల వాళ్లకు నేర్పుతారు. తరచూ ఊరి దగ్గరికే వచ్చి క్లాసులు పెడతారు, పదిహేను ఇరవైమంది ఆడవాళ్లు కలిసి అడిగితే పని తొందరగా అవుతుంది. మీకు దగ్గరలోనే పోచంపల్లి మండలం జలాల్‌పూర్‌లో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ కూడా ఉంది, పల్లె యువతకు అక్కడే ఉంచి పని నేర్పడంలో దానికి మంచి పేరుంది. దేనికి ఎంత చదువు కావాలో వాళ్లనే అడగండి.

కుట్టుపని విషయంలో ఒక్క సలహా. జాకెట్ కుట్టడం వస్తే చాలనుకోవద్దు, కటింగ్ వచ్చేదాకా మానొద్దని చెప్పండి. కుట్టేవాళ్లు చాలామంది ఉంటారు, కొలత తీసుకుని గుడ్డ కోయగలిగినవాళ్ల దగ్గరికే గిరాకీ వస్తుంది.

ఆర్‌సెటీలో బైక్ మెకానిక్ శిక్షణ పూర్తిచేశాను. షాపు పెట్టుకోవడానికి అప్పు కోసం బ్యాంకు చుట్టూ తిరుగుతున్నాను, రేపు మాపు అంటున్నారు. ఏం చేయాలి?
- ఒక యువకుడు, 22 ఏళ్లు, వనపర్తి జిల్లా

తెలియనివాళ్ల కోసం ముందు ఒక మాట. ఆర్‌సెటీ అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో, ధర్మస్థల వీరేంద్ర హెగ్గడే చొరవతో బ్యాంకులు కలిసి పెట్టిన రుడ్‌సెటీ దీనికి నమూనా. జిల్లాకొకటి చొప్పున లీడ్ బ్యాంకులు, అంటే ఆ జిల్లాలో బ్యాంకులన్నిటికీ ముందుండే బ్యాంకు, నడుపుతాయి. శిక్షణ, భోజనం, వసతి ఉచితం. కోర్సులు కొన్ని రోజుల నుంచి నెలా నెలన్నర దాకా ఉంటాయి, తర్వాత రెండేళ్లు వెంట ఉండి చూసుకోవాలన్నది వాళ్ల పద్ధతి. కానీ ఆర్‌సెటీ అప్పు ఇవ్వదు, అప్పు ఇప్పించే ప్రయత్నం చేస్తుంది, ఇచ్చేది బ్యాంకే.

కాబట్టి బాబూ, ఒంటరిగా బ్యాంకు చుట్టూ తిరగడం ఆపి, ముందు ఆర్‌సెటీ డైరెక్టర్ దగ్గరికి వెళ్లు. ఆయన కూడా బ్యాంకు మనిషే, నీ దరఖాస్తు ఎక్కడ ఆగిందో ఆయన ఫోన్ చేస్తే తెలుస్తుంది. చిన్నగా మొదలుపెట్టడానికి ముద్ర శిశు రుణం 50 వేల దాకా ఉంది. కొంచెం పెద్దదైతే సొంత యూనిట్ పెట్టుకునేవాళ్లకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎంఈజీపీ పథకం చూడు, పల్లెల్లో పెట్టే యూనిట్లకు జనరల్ వాళ్లకు 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు, మహిళలు తదితరులకు 35 శాతం సబ్సిడీ. నీ ఆర్‌సెటీ సర్టిఫికెట్ దానికి పనికొస్తుంది. 10 లక్షల లోపు ఇలాంటి చిన్న యూనిట్ల అప్పులకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, ఎవరైనా అడిగితే ఆ మాట మర్యాదగా చెప్పు.

అయితే అప్పు రావడం ఆలస్యమైతే అదొక నష్టమని అనుకోకు. నెలరోజుల శిక్షణతో ఇంజిన్ విప్పడం వస్తుంది, బిగించాక శబ్దం విని లోపం ఎక్కడుందో చెప్పడం రాదు. అది వందల బండ్లు చూస్తేనే వస్తుంది. ఏదైనా రద్దీగా ఉండే మెకానిక్ షాపులో ఒక ఏడాది పనిచెయ్. విడిభాగాలు ఎక్కడ చవకో, ఏ గిరాకీకి అరువు ఇవ్వకూడదో, కూలి ఎలా చెప్పాలో ఆ ఏడాదిలో తెలుస్తాయి. అప్పు తీసుకుని ఈ పాఠాలు నేర్చుకుంటే ఆ నష్టం వాయిదాల రూపంలో కట్టాలి.

ఐటీఐ ఫిట్టర్ పాసై ఏడాదైంది. ఎక్కడికెళ్లినా అనుభవం అడుగుతున్నారు. పని ఇవ్వకుండా అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది?
- ఒక యువకుడు, అనంతపురం జిల్లా

నీ కోపంలో న్యాయముంది. దీనికి మందు అప్రెంటిస్‌షిప్, అంటే కంపెనీలో స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకోవడం, దానికి 1961 నాటి చట్టమే ఉంది. ఐటీఐ అయిన వెంటనే చేరి ఉండాల్సింది, ఇప్పుడైనా మించిపోలేదు. ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేసుకుని కంపెనీలకు దరఖాస్తు పెట్టు. 2019 నిబంధనల ప్రకారం నెలకు కనీసం 7,000 రూపాయలు నీలాంటి ఐటీఐ పాసైన వాళ్లకు ఇవ్వాలి. చివర్లో పరీక్ష రాస్తే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది.

స్టైపెండ్ చూసి చిన్నబుచ్చుకోకు. దక్షిణ మధ్య రైల్వే లాంటి చోట్ల ఆ చట్టం కింద ఇచ్చే యాక్ట్ అప్రెంటిస్ నోటిఫికేషన్లకు రాతపరీక్ష ఉండదు, పది, ఐటీఐ మార్కులతోనే ఎంపిక. అక్కడ పూర్తిచేసినవాళ్లకు రైల్వే లెవెల్-1 (అన్నిటికంటే మొదటి మెట్టు) పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. ఫ్యాక్టరీలో చేరితే మాత్రం మొదటి వారమే గమనించు, నిన్ను మెషీన్ దగ్గర నిలబెడుతున్నారా, సామాన్లు మోయిస్తున్నారా? మోయిస్తుంటే రోజూ చేసిన పని ఒక పుస్తకంలో తేదీ వేసి రాసుకో, ట్రైనింగ్ చూసే అధికారికి చూపించి మార్చమని అడుగు. పై చదువు మీద ఆశ ఉంటే రెండేళ్ల ఐటీఐ వాళ్లకు పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలో చేరే దారి కూడా ఉంది.

మా హైస్కూల్ నుంచి ఏటా కొందరు పిల్లలు పది తర్వాత ఎక్కడా చేరకుండా ఉండిపోతున్నారు. ఉపాధ్యాయులుగా మేమేం చేయగలం?
- ఒక ఉపాధ్యాయురాలు, ఆదిలాబాద్ జిల్లా

టీచర్‌గారూ, రెండు పనులు చేయండి. మొదటిది, తొమ్మిదో తరగతిలోనే పిల్లల్ని దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐకి ఒకరోజు తీసుకెళ్లండి. ఫలితాలు వచ్చాక చెబితే అది శిక్షలా వినిపిస్తుంది, ముందే చూపిస్తే కొందరు తమంతట తామే కోరుకుంటారు. ఆడపిల్లల్ని వెల్డింగ్, ఎలక్ట్రికల్ సెక్షన్లకు కూడా తీసుకెళ్లండి, కుట్టుమిషన్ల గదిలోనే ఆపేయకండి.

రెండోది కాగితాలు. చిన్న పనిలా కనిపిస్తుంది కానీ ఎంతోమంది పిల్లలు ఇక్కడే జారిపోతున్నారు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పదో తరగతి మెమోలో వెనక, బ్యాంకు పుస్తకంలో అసలు లేదు. పుట్టిన తేదీ ఒక్కోదానిలో ఒక్కో రకం. కౌన్సెలింగ్ రోజున ఇది బయటపడితే సరిచేయించుకునేలోపు సీటు పోతుంది, స్టైపెండ్ ఖాతాలో పడదు. పదో తరగతి పరీక్షకు నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) పంపే సమయంలోనే ప్రతి పిల్లాడి ఆధార్, అడ్మిషన్ రిజిస్టర్ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే అప్పుడే సరిచేయించండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు వేసవి సెలవుల ముందే దరఖాస్తు పెట్టించండి. టీసీ తీసుకెళ్లని పిల్లల జాబితా జూన్‌లో ఒకసారి తీయండి, ఎక్కడా చేరనివాళ్లు చాలావరకు అందులోనే ఉంటారు. ఆ ఇళ్లకు మీరు ఫోన్ చేస్తే, సప్లిమెంటరీ ఫలితాల తర్వాత కూడా ఐటీఐలో మిగిలిన సీట్లకు మరో విడత ప్రవేశాలు జరుగుతాయని వాళ్లకు చెప్పండి.